జోజప్ప గుడి ముందు టెంటు

తెలంగాణ రావాలని దీక్షల్లో కూర్చున్నవాళ్లు లక్షల్లో ఉంటారు. నాలుగేళ్లు దీక్షలో కూర్చుని, మెడలో దండ వేయించుకుని, అందరికంటే గట్టిగా జై కొట్టి, లోపల్లోపల మాత్రం "జర ఆగి రానీ" అని మొక్కుకున్నవాడు మాణిక్‌గూడ శౌరయ్య ఒక్కడే అయి ఉంటాడు. పైకి చెప్పుకునే మొక్కు కాదది. చెబితే వీపు విమానం మోత మోగేది. అయినా ఆయన్ని ద్రోహి అందామంటే నోరు రాదు. ఎందుకు రాదో మొత్తం వింటే మీకే తెలుస్తుంది.

శౌరయ్య సున్నం మేస్త్రి. సిమెంటు మేస్త్రీ అని పిలిస్తే వెనక్కి తిరిగి కూడా చూడడు. అరవై అయిదు దాటిన మనిషి, పొట్టిగా గట్టిగా ఉంటాడు. యాభై ఏళ్లు సున్నంలో నానిన ఆ చేతుల మీద గీతలన్నీ చెరిగిపోయాయి. ఆధార్ కార్డుకు వేలిముద్ర ఇవ్వబోతే, పదిసార్లు పెట్టించి చూసిన ఆపరేటరు ఈయనకు వేళ్లే లేవని మిషను చెబుతోందని విసుక్కున్నాడు. ఆ లేని వేళ్లతోనే జోజప్ప గుడిని, అంటే ఏసు పెంపుడు తండ్రి పేరున్న చర్చిని, నలభై ఏళ్లుగా నిలబెట్టుకొస్తున్నాడు. పొద్దున్నే తలుపులు తీయడం, మూడు పూటలా త్రికాల జపం గంట కొట్టడం, పూజకు ఫాదర్‌గారి వస్త్రాలు తీసిపెట్టడం కూడా ఆయన పనే. భార్య లూర్దమ్మ గుడి దులుపుతుంది. వీలు చిక్కినప్పుడల్లా ఆయన్నీ దులుపుతుంది.

మాణిక్‌గూడ ఒకప్పుడు గచ్చిబౌలి అవతల బండరాళ్ల మధ్య ఉండే చిన్న ఊరు. ఇప్పుడు అక్కడ పుట్టినవాళ్లు కూడా అద్దాల మేడల మధ్య దాన్ని వెతుక్కోవాలి. బండలు పోయాయి, మేకలు పోయాయి, జొన్నచేలు పోయాయి. మిగిలింది జోజప్ప గుడి ఒక్కటే. నిజాం జమానాలో ఒక ఇటలీ సామి వచ్చి, తన ఊళ్లో గుడి ఎలా ఉంటుందో కాగితం మీద గీసి, శౌరయ్య తాత తోమయ్య చేతిలో పెట్టాడట. పెట్టి, మలేరియా తగిలి మూడు నెలలు సికింద్రాబాదులో పడున్నాడు. తోమయ్యకూ ఆయన మనుషులకూ తెలిసినవి దర్గాలు, మసీదులు. కాగితం మీద గోపురమని ఉన్నచోట మినారు కట్టారు. పీఠం వెనక కమాను మసీదు కమానులా వంచారు. కిటికీల పైన మొనలు తీశారు. జ్వరం తగ్గి తిరిగొచ్చిన సామి ఆ గుడిని చూసి నవ్వాడో ఏడ్చాడో ఎవరూ రాసిపెట్టలేదు. మారుమాట లేకుండా రెండు మినార్ల మధ్యన సిలువ మాత్రం పెట్టించాడు.

మినార్లు కూడా జోడు కుదరలేదు. కుడిది పూర్తిచేశాక తోమయ్య మంచెమీంచి జారిపడి పోయాడు. ఎడమదానికి పూత పెట్టింది ఆయన పెళ్లాం. మొగుణ్ని తిన్న మినారు మీద ఆమెకు ఏం కోపమో, ఏం ప్రేమో, సున్నం మెత్తుతూనే పోయింది. అందుకే ఎడమ మినారు ఇవాళ్టికీ కొంచెం లావు. శౌరయ్యకు ఆ లావు మినారంటే ప్రాణం. దాని మీద చెయ్యి వెయ్యనిరోజు ఆయనకు అన్నం సయించదు.

ఆ గోడలు మూడడుగుల మందం. వేసవిలో బయట నిప్పులు కురుస్తున్నా లోపల చల్లగా ఉంటుంది. సున్నపు గోడ ఊపిరి పీలుస్తుందని శౌరయ్య చెబుతాడు. తడి వస్తే బయటికి వదిలేస్తుంది, ఎండ వస్తే నెమ్మదిగా తాగుతుంది. ఎనభైల్లో వచ్చిన ఒక ఫాదర్‌గారు ముచ్చటపడి ఉత్తరం గోడకు సిమెంటు పూయించారు. రెండో వానాకాలానికే ఆ గోడ లోపలంతా చెమ్మెక్కి పెచ్చులూడింది. ఆ ఫాదర్‌గారు బదిలీ మీద వెళ్లిన రోజు సాయంత్రం శౌరయ్య ఉలి పట్టుకున్నాడు, సిమెంటంతా ఊడబెరికి గానీ ఇంటికి పోలేదు. మార్చి నెలలో జోజప్ప పండుగకు ముందు ఏటా ఒక గోడకు పూత వేస్తాడు. సున్నం తడిపి నెలరోజులు గుంతలో మాగబెట్టాలి. కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపి దంచాలి. పూత ఆరుతుండగా గులకరాయితో నున్నగా రుద్దాలి. తొందరపడితే ఒప్పుకోని పని అది.

ఐటీ కంపెనీలొచ్చాక గుడికి జనం పెరిగారు. గుంటూరు నుంచీ కృష్ణా నుంచీ వచ్చిన కుటుంబాలు, మంచి భక్తిపరులు, మంచి కార్లున్నవాళ్లు. ఆదివారం పూజకు సగంమంది బయట ఎండలో నిలబడాల్సి వచ్చేది. విచారణ సంఘానికి, అంటే గుడి వ్యవహారాలు చూసే కమిటీకి, పెద్ద ఇన్నారెడ్డి. గుంటూరు జిల్లావాడు, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. మనిషి చెడ్డవాడేం కాదు. లూర్దమ్మ కంటి ఆపరేషనుకు తన కార్లోనే దవాఖానకు తీసుకెళ్లాడు. కానీ మసీదులా ఉన్న గుడికి పిల్లల్ని తీసుకురావడానికి ఆయనకేదో వెలితి. కొత్త గుడికి ప్లాను గీయించాడు. మూడంతస్తులు, ముందంతా నీలం అద్దాలు, కింద పార్కింగు. ఆ బొమ్మను గుడి గోడకే మేకుకొట్టి తగిలించారు. శౌరయ్య దాన్ని ఎగాదిగా చూసి, ఇందులో పూజ ఏ అంతస్తులో అయితది, జీతాలు ఏ అంతస్తులో ఇస్తరు అని అడిగాడు. ఇన్నారెడ్డి నవ్వేశాడు గానీ ప్లాను మారలేదు.

ఫాదర్ రాయప్ప కూడా గుంటూరు వైపువారే. ఆయనా సరేనన్నారు. ముగ్గురు రాజుల పండుగ కాగానే, అంటే రెండువేల పది జనవరిలో, పాత గుడి పడగొట్టాలని తీర్మానమైంది. శౌరయ్యకు ఆ కబురు పూజ చివర్లో ప్రకటనల మధ్య తెలిసింది. క్రిస్మస్ కేకులు ఎవరు తేవాలో చెప్పాక, గుడి ఎప్పుడు కూల్చాలో చెప్పారు. ఆయన ఆరోజు గంట కొట్టి, మెట్ల మీద కూర్చుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తర్వాత ఒక టీచరును పట్టుకుని, పాత కట్టడాలను కాపాడే ఆఫీసుకు ఉత్తరం రాయించాడు. తాతను, నాయనమ్మను, లావు మినారును, కరక్కాయ నీళ్లను అన్నింటినీ ఆ ఉత్తరంలో పెట్టించాడు. జవాబు రాలేదు.

సరిగ్గా అప్పుడే ఊరంతా అంటుకుంది. డిసెంబరులో తెలంగాణ ఇస్తున్నామని ఢిల్లీలో ప్రకటించారు, రెండు వారాలకు మాట మార్చారు. ఎక్కడికక్కడ రిలే దీక్షల టెంట్లు లేచాయి. మాణిక్‌గూడలో ఆ పని నెత్తినేసుకున్నవాడు మల్లేశం. ప్లాట్లు చూపించి కమీషను తీసుకునే మనిషి, ముప్ఫై అయిదేళ్లవాడు, గొంతు గట్టిది. బస్టాపు దగ్గర టెంటు వేస్తే మధ్యాహ్నానికి నలుగురు కళ్లు తిరిగి పడ్డారు. నీడ కోసం మల్లేశం వెతుకుతున్నాడని విని శౌరయ్య తనే ఎదురెళ్లాడు. అప్పటిదాకా ఆయన ఏ జెండా పట్టినవాడు కాదు, ఏ ఊరేగింపుకు పోయినవాడు కాదు.

"మా గుడి ముంగట ఏస్కోండ్రి," అన్నాడు. "గోడ నీడ పొద్దుమీకిందాక ఉంటది. కుండల నీళ్లు నేను పెడత."

మూడు రోజులుంటుందనుకున్నాడు. ఆ మూడు రోజుల్లో ఆఫీసు నుంచి జవాబొస్తుందని ఆయన ఆశ. మల్లేశం కావలించుకుని కాకా అన్నాడు. టెంటు తాళ్లు రెండు గుడి వసారా స్తంభాలకు కట్టారు. జేసీబీ లోపలికి రావాలంటే అదొక్కటే దారి.

అనుకున్న రోజుకు ఇన్నారెడ్డి జేసీబీని వెంటబెట్టుకుని రానే వచ్చాడు. చూస్తే గుడి ముందు గులాబీ కాగితాలు, తెలంగాణ పటం, దండలేసుకున్న అయిదుగురు, చుట్టూ వందమంది. గుంటూరు మనిషి, తెలంగాణ టెంటు తీయమని అడగాలి. అందులోనూ ఆయన నోరు తెరిస్తే మొదట వచ్చేది "అండి". కారు అద్దం సగం దించి, శౌరయ్యను పిలిచి, కాస్త మీరు చెప్పి చూడండి శౌరయ్యగారూ అని బతిమాలాడు. అడుగుత సార్ అని శౌరయ్య టెంటులోకి వెళ్లాడు. వెళ్లి, ఇంకో కుండ నీళ్లు కావాల్నా అని అడిగాడు. కావాలన్నారు. తిరిగొచ్చి, ఇప్పట్ల లేవరట సార్ అని చెప్పాడు. ఏ మాటకామాటే, అందులో అబద్ధం ఒక్కటీ లేదు. జేసీబీ వచ్చిన దారినే వెళ్లిపోయింది.

మూడు రోజులు ముప్ఫై అయ్యాయి, ముప్ఫై మూడొందలయ్యాయి. రిలే దీక్షకు ఒక రివాజు ఉంది. పొద్దున పదింటికి అయిదుగురు దండలేసుకుని కూర్చోవాలి, సాయంత్రం అయిదింటికి ఎవరో ఒక పెద్దమనిషి వచ్చి నిమ్మరసం ఇచ్చి లేపాలి. మొదట్లో కూర్చోవడానికి తన్నుకున్నారు. ఎండాకాలం వచ్చేసరికి అయిదుగురు దొరకడమే గగనమైంది. ఒకరోజు ముగ్గురే ఉన్నారు. ఇట్లా అయితే టెంటు ఎత్తేద్దామని ఎవరో అనడం శౌరయ్య చెవిన పడింది. ఆయన వెంటనే చేతులు కడుక్కుని వచ్చి నాలుగోవాడిగా కూర్చున్నాడు. అయిదోది లూర్దమ్మ. ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగలేదని ఆమె చాలాకాలం సాధించింది.

అప్పట్నుంచి ఎవరు తక్కువైతే వాళ్ల చోటు శౌరయ్యది. ఈస్టరుకు ముందు నలభై రోజుల తపస్కాలంలో, శుక్రవారాల్లో ఒంటిపూటుండే అలవాటున్న మనిషికి అయిదింటిదాకా ఉపవాసం ఒక లెక్క కాదు. కాకపోతే పన్నెండింటికి దండ తీసి పక్కన పెట్టి, లోపలికి వెళ్లి త్రికాల జపం గంట కొట్టి రావాలి. టెంటులోవాళ్లకు అది బాగా నచ్చింది. గంట మోగగానే అందరూ లేచి జై తెలంగాణ అని అరిచేవారు. లోపల మంగళవార్త జపం, బయట జై తెలంగాణ. కొన్నాళ్లకు ఆటోవాళ్లూ, దుకాణాలవాళ్లూ కూడా ఆ గంటకు జై కొట్టడం మొదలుపెట్టారు. గబ్రియేలు దూత మరియమ్మకు చెప్పిన మంగళవార్త కోసం మోగే గంటకు ఇంత జనం పలకడం ఆ గుడి చరిత్రలో ఎన్నడూ లేదు.

రెండువేల పదకొండులో సకల జనుల సమ్మె వచ్చింది. నలభై రెండు రోజులు. బళ్లు లేవు, బస్సులు లేవు, ఆఫీసుల్లేవు. మియాపూర్ డిపో కండక్టర్లు, సర్కారు బడి టీచర్లు, బాలానగర్ కార్ఖానాల పనివాళ్లు అందరూ టెంటుకొచ్చి కూర్చునేవారు. ఎంతసేపని నినాదాలిస్తారు? పేపరు చదివి, చదివిన పేపరే మళ్లీ చదివి, ఆవులించేవారు. వెనక గుంతలో మాగుతున్న సున్నం శౌరయ్య మనసులో మెదిలింది. పశ్చిమం గోడ పూత ఏడేళ్లుగా బాకీ ఉంది, ఒక్కడివల్ల అయ్యే పని కాదు. నోరు తెరిచి అడగలేదు. రోకలి తెచ్చి వాళ్ల ముందే దంచడం మొదలుపెట్టి, నడుం పట్టుకుని అబ్బా అన్నాడు, అంతే. ఒక కండక్టరు లేచి రోకలి లాక్కున్నాడు.

ఆ తర్వాత చూడాలి వైభోగం. జై అన్నప్పుడు రోకలి పైకి, తెలంగాణ అన్నప్పుడు కిందికి. దీక్షలో లేనివాళ్లు దంచేవారు, దీక్షలో ఉన్నవాళ్లు కూర్చున్నచోటే కరక్కాయలు కొట్టేవారు. లెక్కల టీచరు భాగ్యమ్మ పూత రుద్దడంలో ఎంత నేర్పు సంపాదించిందంటే, శౌరయ్య తన గులకరాయి ఆమె చేతికిచ్చేశాడు. అది ఆయన నాయనమ్మ నాటి రాయి. ఎవరికీ ముట్టనిచ్చేవాడు కాదు. సమ్మె ముగిసేసరికి పశ్చిమం గోడ అద్దంలా మెరిసింది. సకల జనులూ పని మానేసిన ఆ నలభై రెండు రోజులూ ఈ చుట్టుపక్కల ఆగకుండా నడిచిన పని అదొక్కటే. ఒక విలేకరి కూడా వచ్చి ఫొటో తీసుకుపోయి, ఉద్యమకారుల శ్రమదానం అని వేశాడు. ఇన్నారెడ్డి ఆ పేపరు చూసి తల పట్టుకున్నాడు. తను కూల్చాల్సిన గుడి రోజురోజుకూ గట్టిపడుతోంది.

శౌరయ్యకు మాత్రం లోపల పరేషాను మొదలైంది. టెంటులో రోజూ తెలంగాణ ఇదిగో వస్తుంది, అదిగో వస్తుంది అనేవారు. అందరి ముఖాలూ వెలిగేవి, ఈయన స్తంభాలకున్న టెంటు తాళ్ల వైపు చూసేవాడు. తెలంగాణ వస్తే టెంటు పోతుంది. టెంటు పోతే గుడి పోతుంది. అట్లాగని రావద్దని మొక్కుకోవడానికి మనసొప్పలేదు. ఎందుకొప్పుతుంది? చెట్టంత కొడుకులు ప్రాణాలు తీసుకున్న తల్లులు ఆ టెంటుకొచ్చి, ఆయన పక్కనే కూర్చుని, ఆయన కుండలో నీళ్లు తాగి వెళ్లేవారు. అందుకని వాళ్లు సురూపమని పిలిచే జోజప్ప విగ్రహం ముందు మోకరించి ఒక మధ్యేమార్గం కనిపెట్టాడు. "తెలంగాణ రావాలె సామీ. కాని జర ఆగి రావాలె. ఆఫీసు జవాబొచ్చినంక రావాలె." ఆ మొక్కు మొక్కి, లేచి, బయటికెళ్లి దండ వేసుకుని, అందరికంటే గట్టిగా జై కొట్టేవాడు.

ఇది పాపమో కాదో తేలక, రెండువేల పదమూడు తపస్కాలంలో ఫాదర్ రాయప్ప దగ్గర పాపసంకీర్తనంలో, అంటే పాపాలు ఒప్పుకునేచోట, చెప్పుకున్నాడు. సంకీర్తనంలో మాట బయటికి రాకూడదు. శౌరయ్యే ఆ రాత్రికి ఆగలేక లూర్దమ్మకు చెప్పాడు కాబట్టి మనదాకా వచ్చింది. ఫాదర్‌గారు మధ్యనున్న జాలీకి దగ్గరగా జరిగారట. తర్వాత దగ్గి, మెల్లగా అన్నారట:

"నేను తొందరగా రావాలని ప్రార్థిస్తున్నాను శౌరయ్యా. వస్తేగాని టెంటు లేవదు, కొత్త గుడి మొదలవదు. ఈ సంగతి మా ఊళ్లో తెలిస్తే నన్ను గడప తొక్కనివ్వరు."

తెలంగాణ మేస్త్రి ఆలస్యం కావాలని, గుంటూరు ఫాదరు తొందరగా రావాలని, ఒకే పీఠం ముందు, ఒకే జోజప్పను మూడేళ్లుగా పీక్కుతింటున్నారన్నమాట. పాపం, ఆ మహానుభావుడు ఎవరి మాట వినాలి? ఫాదర్‌గారు శౌరయ్యకు పది పరలోక జపాలు విధించి, తనకూ పది విధించుకున్నారు.

చివరికి ఫాదర్‌గారి మొక్కే నెగ్గింది. రెండువేల పద్నాలుగు ఫిబ్రవరిలో బిల్లు పాసైంది. మాణిక్‌గూడలో రంగులు, డప్పులు, మిఠాయిలు. మల్లేశం శౌరయ్యను భుజాల మీదికెత్తుకున్నాడు. నాలుగేళ్లు ఒక్కరోజు వదలకుండా టెంటును కాచిన మనిషని అందరికీ చూపించాడు. శౌరయ్య మల్లేశం భుజాల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆనందబాష్పాలు అన్నారంతా. ఎదురుగా లావు మినారు, ఎన్నడూ లేనంత దగ్గరగా, చెయ్యి చాస్తే అందేటంత ఎత్తులో కనబడింది. సాయంత్రానికి టెంటు విప్పేశారు. స్తంభాల మీద తాళ్లు ఒరుసుకున్న గాట్లు రెండు మిగిలాయి. మర్నాడు పొద్దున్నే శౌరయ్య వాటిని సున్నంతో పూడ్చాడు.

మేలో ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. నాలుగున్నరేళ్ల తర్వాత, టైపు చేసిన కాగితం. తమరి దరఖాస్తు పరిశీలనలో ఉండగా రాష్ట్ర విభజన జరుగుతున్నందున, ఫైళ్లు పంచుతున్నందున, తమరి ఫైలు ఏ రాష్ట్రానికి వెళ్లిందో తేలనందున, కొత్త రాష్ట్రం ఏర్పడ్డాక కొత్తగా దరఖాస్తు చేసుకోగలరు. భాగ్యమ్మ టీచరు చదివి వినిపించింది. శౌరయ్య ఆ కాగితం మడిచి జోజప్ప సురూపం కాళ్ల కింద పెట్టాడు. ఇంకెక్కడ పెట్టాలో ఆయనకు తోచలేదు.

జూన్‌లో రాష్ట్రం ఏర్పడింది. నెలాఖరు సోమవారం గుడి పడగొట్టాలని ముహూర్తం పెట్టారు. ఇప్పుడు ఇన్నారెడ్డికి భయం లేదు. ఎందుకంటే పడగొట్టే కాంట్రాక్టు తీసుకున్నది మల్లేశం. పార్టీలో పదవొచ్చింది, తెల్లచొక్కా వచ్చింది, రెండు జేసీబీలొచ్చాయి. కొత్త రాష్ట్రంలో ఆయన మొదటి పని ఇదే. ఇన్నారెడ్డి ఇంకా మంచివాడే. కొత్త గుడి శిలాఫలకం మీద మేస్త్రి శౌరయ్యగారి పేరు కూడా చెక్కిస్తామండి అన్నాడు. పీఠం వెనక కమాను దగ్గర నిలబడి ఆ మాట అంటుంటే, శౌరయ్య అరచేతిని గోడమీంచి తీయలేదు.

సోమవారం పొద్దున లూర్దమ్మ సంచి నిండా నిమ్మకాయలు తెచ్చి గడపలో పెట్టింది.

"నాలుగేండ్లు ఆళ్ల కోసం కూసున్నవ్. ఇగ మన కోసం కూసో," అంది.

పదింటికి శౌరయ్య వసారా మెట్టు మీద గోనెసంచి పరుచుకుని కూర్చున్నాడు. టెంటు లేదు, పటం లేదు, మైకు లేదు. పెట్టెలోంచి తీసిన పాత కాగితాల దండ మెడలో ఒకటి. ఆ ఏడు వానలు ఆలస్యం, ఎండ మాడ్చేస్తోంది. జేసీబీ వచ్చి ఆగింది. డ్రైవరు పాలమూరు మనిషి. ముసలాయన్ను చూసి, ఏం చేయాలో తెలియక మల్లేశానికి ఫోన్ చేసి, అద్దం దించుకుని కూర్చున్నాడు.

పన్నెండు కావచ్చింది. శౌరయ్య లేచి గంట కొట్టడానికి వెళితే ఈలోగా మిషను లోపలికొస్తుంది. కూర్చుంటే గంట తప్పుతుంది. నలభై ఏళ్లలో ఒక్కపూట తప్పలేదది. లూర్దమ్మకు చెయ్యి భుజం పైకి లేవదు. ఆయన లేచి, జేసీబీ దగ్గరికెళ్లి, చెయ్యి చాపాడు.

"బిడ్డా, జర నీ బండి చావి ఇయ్యి. గంట కొట్టి అయిదు నిమిషాల్ల వస్త."

ఆ డ్రైవరు ఏమనుకున్నాడో, తాళంచెవి తీసి ఇచ్చాడు. శౌరయ్య దాన్ని జపమాల ఉన్న జేబులోనే వేసుకుని లోపలికెళ్లి తాడు లాగాడు. గంట మోగింది. ఎదురుగా ఆటోస్టాండులో ఎవరో అలవాటుకొద్దీ జై తెలంగాణ అన్నారు. తిరిగొచ్చి తాళంచెవి ఇచ్చేసి, దండ సర్దుకుని, మళ్లీ మెట్టు మీద కూర్చున్నాడు.

నాలుగింటికి మల్లేశం వచ్చాడు. కారు దిగి, దూరంగా నిలబడి చూశాడు. ఎండలో ఒక్కడే కూర్చున్న ముసలాయన, ఎక్కడో చూసిన దండ. చూసి, దగ్గరికి వచ్చాడు.

"ఏంది కాకా గిట్ల కూసున్నవ్? రాష్ట్రం రాలేదా? ఇంకేం గావాలె?"

"గుడి గావాలె బిడ్డా."

మల్లేశం ఏదో సర్దిచెప్పబోయాడు. కొత్తది ఇంతకన్నా పెద్దది, ఏసీ ఉంటది, లిఫ్టు ఉంటది అన్నాడు. శౌరయ్య అంతా విన్నాడు. విని, నాలుగేళ్లుగా దాచుకున్న మాట చెప్పేశాడు.

"మల్లేశం, కోపం జేసుకోకు. నాలుగేండ్లు నేను తెలంగాణ కోసం కూసోలే. ఈ గోడ కోసం కూసున్న. టెంటు లేస్తే గోడ పడతదని ఎరికె. అందుకే తెలంగాణ జర ఆగి రావాలెనని దినాం మొక్కిన."

మల్లేశం చుట్టూ చూశాడు, ఎవరైనా విన్నారేమోనని. డ్రైవరు తప్ప ఎవరూ లేరు. తెల్లచొక్కా మాస్తుందని కూడా చూడకుండా మెట్టు మీద ఆయన పక్కన కూర్చున్నాడు. వెనక గోడ చల్లగా తగిలింది. నాలుగేళ్లు తను వీపానించిన గోడ అది. తనూ నోరు విప్పాడు.

"నేను గూడ నిజం జెప్త కాకా. మొదట టికెట్ కోసమే కూసున్న. పోరగాళ్ల ఫొటోలకు దండలేసి, ఏసి, రెండేండ్లకు గాని తెలంగాణ కోసం కూసోవట్టలే."

"నాకు గూడ గట్లనే అయ్యింది బిడ్డా. బిల్లు పాసైననాడు నీ భుజాల మీద ఏడ్చిన గద. ఎందుకు ఏడ్చిన్నో ఇప్పటికి నాకే తెల్వదు."

అయిదయింది. లూర్దమ్మ నిమ్మరసం గ్లాసు తెచ్చి మల్లేశం చేతికిచ్చింది. రివాజు ప్రకారం పెద్దమనిషే ఇవ్వాలి మరి. మల్లేశం గ్లాసు ముందుకు చాపాడు. శౌరయ్య అందుకోలేదు.

"నిమ్మరసం ఇచ్చెటోడు మాట ఇయ్యాలె. గది నువ్వు పెట్టిన రివాజే."

గ్లాసు పట్టుకునే మల్లేశం లెక్క వేసుకున్నాడు. కొత్త రాష్ట్రం వచ్చి నెల కాలేదు. టెంటును కాచిన కాక నిమ్మరసం తాగకుండా ఈ మెట్టు మీదే ఒరిగిపోతే, రేపట్నుంచి తను ఈ వీధిలో తిరగగలడా? అటు కాంట్రాక్టు కాగితం మీద తన సంతకం ఎండిపోయింది కూడా. అటూ ఇటూ చూసి, చిక్కిన సందులోంచి దూరాడు.

"సరే కాకా. ఈ పొద్దు ముట్టం."

"రేపు?"

"రేపటి ముచ్చట రేపు జూద్దాం."

శౌరయ్య గ్లాసు అందుకుని గటగటా తాగాడు. వందేళ్ల గుడికి ఒక్కరోజు హామీ దొరికింది. ఇన్నేళ్లలో ఏ ఆఫీసూ, ఏ సంఘమూ అంతమాత్రం ఇవ్వలేదు. జేసీబీ వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. రేపు పదింటికి మళ్లీ వస్తానని డ్రైవరు ఆయనకే చెప్పి వెళ్లాడు.

మర్నాడు తెల్లవారుతూనే లూర్దమ్మ లేచి చూస్తే పక్క ఖాళీగా ఉంది. గుడి వెనక్కి వెళ్లింది. శౌరయ్య గుంత కడిగి, తాండూరు నుంచి తెప్పించిన సున్నపురాళ్లు అందులో పేర్చి, నీళ్లు పోస్తున్నాడు. రాళ్లు బుసబుసమని పొంగుతున్నాయి. లావు మినారు అడుగున పూత లేస్తోందట.

"నెల దినాలు మాగాలె గద ఇది," అంది లూర్దమ్మ. "ఆడిచ్చింది ఒక్కనాటి మాటనాయె."

శౌరయ్య ఇంకో బిందె నీళ్లు తెమ్మన్నాడు. సున్నం పూర్తిగా మునిగాక గుంత మీద తడి గోనె కప్పి, పదికావస్తుంటే చేతులు కడుక్కుని వెళ్లి మెట్టు మీద కూర్చున్నాడు.